కారుకి ఇన్‌టేక్, టర్బో పనులు సొంతంగా చేస్కోవాలంటే: ముందు కొలవండి, తర్వాతే విప్పండి

కోన్ ఫిల్టర్ (గరాటు ఆకారంలో ఉండే ఎయిర్ ఫిల్టర్) తెచ్చి బిగించేస్తే బండి పికప్ పెరిగిపోతుందని చాలామంది నమ్మకం. బిగించాక సౌండ్ ఎలాగూ మారుతుంది, ఆ సౌండ్ వినేసరికి బండి లాగుతున్నట్టే అనిపిస్తుంది, కానీ చాలా కార్లలో అసలు జరిగేది ఏంటంటే ముందు గ్రిల్ దగ్గర్నుంచి చల్లగాలి పట్టుకొచ్చే కంపెనీ డబ్బాని పీకేసి, బానెట్ కింద ఉడుకుతున్న వేడిగాలిని ఇంజిన్‌కి పట్టడం. 20 డిగ్రీల గాలి వెళ్ళాల్సిన చోట 60 డిగ్రీల గాలి వెళ్తే దాని సాంద్రత దాదాపు 12 శాతం పడిపోతుంది, లోపలికి వెళ్ళే ఆక్సిజనూ అంతే పడిపోతుంది. అంటే డబ్బు పెట్టి మరీ పవర్ తగ్గించుకున్నట్టు.

అందుకని నేను చెప్పే వరస ఇది. ముందు గాలి ఎక్కడ ఆగుతోందో కొలవాలి, తర్వాత లీకులు మూయాలి, ఆ తర్వాత ఇన్‌టేక్, అంటే ఇంజిన్‌కి గాలి వెళ్ళే దారి, మార్చాలి, గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోసే టర్బో సంగతి అన్నిటికన్నా చివర. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

మొదలుపెట్టే ముందు

ఇంజిన్ ఆరోగ్యం చూస్కోండి. సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూపే కంప్రెషన్ గేజ్‌తో అన్ని సిలిండర్లూ చెక్ చెయ్యండి, ఒకదానికీ ఇంకోదానికీ 10 శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే ఈ పనులన్నీ పక్కన పెట్టి ముందు అది బాగుచేయించాలి, ఎందుకంటే బలహీనంగా ఉన్న సిలిండర్ మీద ఎక్కువ గాలి తోస్తే మొదట పోయేది అదే. బండి కంప్యూటర్ రీడింగులు చూపే చౌక రకం ఓబీడీ స్కానర్ ఒకటి ఉండాలి, ఫోన్‌తో కలిసి పనిచేసేదైనా సరిపోతుంది. అలాగే మీరుండే చోట పొల్యూషన్ టెస్ట్ రూల్స్ ఏంటి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలా అన్నది ముందే కనుక్కోండి. చెప్పకుండా టర్బో పెట్టిన కారుకి యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ ఆగిపోయే ప్రమాదం ఉంది.

స్టెప్ 1: నీళ్ళ ట్యూబ్‌తో గాలి అడ్డంకి కొలవడం

ఇది అందరూ వదిలేసే పని, నా లెక్కలో అన్నిటికన్నా విలువైన పని కూడా ఇదే. కావాల్సింది లోపల 6 మిల్లీమీటర్లు ఉండే పారదర్శక ట్యూబు నాలుగైదు మీటర్లు, ఒక మీటరు పొడవు చెక్క, ఒక టేపు, రంగు కలిపిన నీళ్ళు. ట్యూబుని చెక్క మీద యూ ఆకారంలో కట్టండి, సగం దాకా నీళ్ళు పోయండి. ఒక కొన ఓపెన్‌గా వదిలేయాలి, రెండో కొనని ఇన్‌టేక్‌లో కొలవాలనుకున్న చోట చిన్న బెజ్జం పెట్టి కలపాలి. మధ్యలో ఒక ఖాళీ సీసా పెట్టండి, పొరపాటున నీళ్ళు పైకి లాగినా ఆ సీసాలో పడిపోతాయి, ఇంజిన్‌లోకి పోవు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పెట్రోల్ బండిలో థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి రేకు) తర్వాత ఉన్న ఏ పైపుకీ ఇది కలపకూడదు, అక్కడ వాక్యూమ్ ఎంత గట్టిగా ఉంటుందంటే నీళ్ళన్నీ ఒక్క గుక్కలో లాగేస్తుంది. టర్బో బండి అయితే టర్బో మూతి దాకానే కొలవాలి, దాని తర్వాత ఉండేది ప్రెజర్, నీళ్ళు మొహం మీదకి చిమ్ముతాయి.

మూడు చోట్ల కొలవండి. ఫిల్టర్ డబ్బాలో ఫిల్టర్‌కి ముందు వైపు ఒకటి, ఫిల్టర్ దాటాక ఒకటి, థ్రాటిల్ లేదా టర్బో మూతికి సరిగ్గా ముందు ఒకటి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర ఉన్నప్పుడు రెండు వైపులా నీళ్ళ మట్టం తేడా ఎన్ని సెంటీమీటర్లో పక్కన కూర్చున్న మనిషి చదవాలి, నడిపేవాళ్ళు దాన్ని చూడనే కూడదు. ఇది డైనో (బండిని ఒకే చోట నిలిపి పవర్ కొలిచే యంత్రం) మీద గానీ ట్రాఫిక్ లేని మూసిన ట్రాక్ మీద గానీ చెయ్యండి, రోడ్డు మీద వద్దు.

లెక్క చాలా సులువు. 10 సెంటీమీటర్ల నీళ్ళ తేడా అంటే సుమారు 1 కిలోపాస్కల్, వాతావరణ ప్రెజర్ సముద్ర మట్టం దగ్గర 101 కిలోపాస్కల్స్ కాబట్టి అది దాదాపు 1 శాతం. మాటవరసకి మీకు మొత్తం తేడా 30 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, అందులో 18 ఫిల్టర్‌కి ముందే, అంటే డబ్బాలోకి గాలి తెచ్చే సన్న మూతి దగ్గరే పోతోంది, ఫిల్టర్ దగ్గర 4, మిగతా 8 ఆ తర్వాత వంపుల్లో. అంటే మీరు కొనాలనుకున్న ఖరీదైన ఫిల్టర్ అడ్డంకిని పూర్తిగా తీసేసినా వచ్చేది అర శాతం లోపే, అదే ఆ మూతిని వెడల్పు చేస్తే దానికి నాలుగు రెట్లు పైన. ఏ ప్రకటనా మీ బండి గురించి ఈ సంగతి చెప్పదు, నీళ్ళ ట్యూబు చెప్తుంది. మొత్తం తేడా పది సెంటీమీటర్లలోపే ఉంటే మీ బండికి కంపెనీ వాళ్ళు ఇన్‌టేక్ బాగానే కట్టారని అర్థం, దాని జోలికి పోకండి, మంచి పేపర్ ఫిల్టర్ టైముకి మార్చుకుంటే చాలు.

స్టెప్ 2: లీకులు

టర్బో లేని బండిలో ఎంఏఎఫ్ సెన్సర్ (లోపలికెళ్ళే గాలిని కొలిచేది) దాటాక ఎక్కడైనా లీకు ఉంటే లెక్కలోకి రాని గాలి లోపలికి వస్తుంది, మిక్చర్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ ఫ్యూయల్ ఉండదు. టర్బో బండిలో కథ తిరగబడుతుంది, బూస్ట్ (టర్బో తోసే గాలి ప్రెజర్) ఉన్నప్పుడు లెక్కపెట్టిన గాలి బయటికి పోతుంది కాబట్టి పెట్రోల్ అయితే రిచ్ (ఫ్యూయల్ ఎక్కువ) అవుతుంది, డీజిల్ అయితే నల్లపొగ కొడుతుంది. ఈ తేడా గుర్తుంటే సగం రోగాలు స్కానర్ చూసే పట్టేయొచ్చు.

స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్స్ చూడండి, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) తన లెక్క కన్నా ఫ్యూయల్ ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకెలు అవి. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండూ కలిపి ప్లస్ మైనస్ 5 శాతంలో ఉంటే బండి బాగున్నట్టు, ప్లస్ 10 దాటి అక్కడే కూర్చుంటే ఏదో ఉంది. ఐడిల్‌లో ఎక్కువుండి ఆర్‌పీఎం పెంచితే తగ్గుతుంటే వాక్యూమ్ లీకు, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే ఎంఏఎఫ్ తక్కువ చదువుతోందో ఫ్యూయల్ సరిగా అందట్లేదో చూడాలి. పీ0171 అని కోడ్ వస్తే లీన్, టర్బో బండిలో పీ0299 వస్తే బూస్ట్ తక్కువ, పీ0234 అయితే బూస్ట్ హద్దు దాటిందని.

టర్బో బండికి లీక్ టెస్టర్ ఇంట్లోనే చేస్కోవచ్చు. టర్బో మూతికి ముందున్న హోస్‌లో పట్టే గట్టి మూత ఒకటి తీస్కుని దానికి బెజ్జం పెట్టి టైరు వాల్వ్ బిగించండి, హోస్‌లో పెట్టి క్లాంప్ వేయండి, రెగ్యులేటర్ ఉన్న పంపుతో ముందు 0.3 బార్, ఏమీ కాకపోతే మెల్లగా మీ బండి మామూలు బూస్ట్ దాకా, అంతకు మించి వద్దు. ఇంజిన్ చల్లగా ఉండాలి, ఆగి ఉండాలి. మూతకి ఎదురుగా నిలబడకండి, జారితే రాయిలా వచ్చి తగులుతుంది. సబ్బు నీళ్ళు కొట్టుకుంటూ వెళ్తే లీకున్న చోట బుడగలు వస్తాయి. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోసుల కింది భాగం, అంటే కంటికి కనపడని వైపు, తప్పకుండా తడిమి చూడండి, పగుళ్ళు ఎక్కువగా అక్కడే. ఏదో ఒక సిలిండర్ వాల్వ్‌లు తెరిచే ఉంటాయి కాబట్టి సైలెన్సర్ వైపు నుంచి కొంచెం గాలి పోవడం మామూలే, దానికి కంగారు పడొద్దు. ఆయిల్ మూత తీస్తే బుస్సుమని గాలి వస్తోందంటే మాత్రం ఇంజిన్ లోపలి ఆవిర్లని ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ మీద అనుమానపడండి.

చాలా పాత టర్బో బండ్లు ఈ స్టెప్ అయ్యేసరికే కొత్తదానిలా లాగుతాయి, ఇంకేమీ కొనక్కర్లేదు.

స్టెప్ 3: ఇన్‌టేక్ మార్చడం

కొలత చూశాక మార్చాల్సిందే అనిపిస్తే ఈ సంగతులు పట్టించుకోండి.

ఎంఏఎఫ్ సెన్సర్ ఉన్న పైపు లావు మార్చొద్దు. ఇది ఎంత చెప్పినా తక్కువే. కంపెనీ పైపు లోపల 60 మిల్లీమీటర్లు అనుకుందాం, మీరు 70ది పెట్టారు, వైశాల్యం 36 శాతం పెరిగింది, అంతే గాలి వెళ్తున్నా వేగం తగ్గింది, సెన్సర్ వేడి తీగ మీద తగిలే గాలి తగ్గింది, ఈసీయూ లెక్కలో గాలి నాలుగో వంతు పైన తక్కువ. దానికి తగ్గట్టే ఫ్యూయల్ తగ్గిస్తుంది. మెల్లగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి కొంత సర్దుతుంది, పూర్తిగా తొక్కినప్పుడు చాలా బండ్లలో ఆ సర్దుబాటు సరిగ్గా ఉండదు, సరిగ్గా ఇంజిన్‌కి ఎక్కువ ఫ్యూయల్ కావాల్సిన క్షణంలో లీన్‌గా మండుతుంది. అందుకే కంపెనీ ఎంఏఎఫ్ హౌసింగ్‌నే కొత్త పైపులో కలుపుకోండి, దానికి ముందు తిన్నని పైపు వీలైనంత ఎక్కువ ఉంచండి, వంపు దాటగానే సెన్సర్ పెడితే రీడింగ్ ఊగుతూ ఉంటుంది. సెన్సర్ ముందు జాలీ ఉంటే పీకకండి, అది గాలిని సర్దడానికే పెట్టారు.

ఆయిల్ పూసే రకం ఫిల్టర్ వాడితే ఆయిల్ చాలా తక్కువ రాయాలి, రాసి రాత్రంతా ఆరబెట్టాలి. ఎక్కువైన ఆయిల్ ఎగిరి ఎంఏఎఫ్ తీగ మీద పేరుకుంటుంది. ఆ తీగని గుడ్డతో తుడవకండి, దానికని ప్రత్యేకంగా అమ్మే ఎంఏఎఫ్ క్లీనర్ స్ప్రేనే కొట్టి ఆరనివ్వండి.

కోన్ ఫిల్టర్ పెట్టే తీరాలనుకుంటే దాని చుట్టూ ఇంజిన్ వేడి తగలకుండా డబ్బా కట్టండి, గ్రిల్ వైపు నుంచి గాలి దారి ఇవ్వండి. ఫిల్టర్‌ని బంపర్ కిందకి దించే రకం కిట్లు చల్లగాలి బాగానే తెస్తాయి కానీ నీళ్ళు నిలిచిన రోడ్డు మీద ఫిల్టర్ మునిగిందంటే ఇంజిన్ నీళ్ళు తాగుతుంది, నీరు నొక్కుడు పడదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఒక్కసారి చాలు ఇంజిన్ పోవడానికి. నేనైతే ఆ రకం ఎవరికీ చెప్పను.

పైపు అల్యూమినియందైతే మంచిది, కొనలకి చిన్న గట్టు తీయించండి, లేకపోతే బూస్ట్‌కి హోస్ జారిపోతుంది. బిగించే ముందు పైపు కొన, హోస్ లోపలి వైపు ఆయిల్ జిడ్డు లేకుండా తుడవండి. టర్బో నుంచి వచ్చే హోసులకి టీ బోల్ట్ క్లాంపులు వాడండి. ఇంజిన్ నుంచి వచ్చే బ్రీదర్ ట్యూబ్‌ని ఎక్కడ ఉందో అక్కడే, అంటే ఎంఏఎఫ్ దాటాక, మళ్ళీ కలపాలి, దానికి చిన్న ఫిల్టర్ తగిలించి బయటికి వదిలేయడం చూడ్డానికి బాగుంటుంది కానీ లెక్కలోకి రాని గాలి లోపలికొచ్చే దారి అవుతుంది.

అయిపోయాక మళ్ళీ నీళ్ళ ట్యూబు, మళ్ళీ స్కానర్. ఇన్‌టేక్ గాలి టెంపరేచర్, ఎంఏఎఫ్ గ్రాములు సెకనుకి, ట్రిమ్స్, ఈ మూడూ ముందు రాసుకున్న వాటితో పోల్చండి. పెట్రోల్ బండికి ఎంఏఎఫ్ గరిష్ఠ రీడింగ్‌ని 1.25తో గుణిస్తే హార్స్ పవర్ ఉజ్జాయింపుగా వస్తుంది, కచ్చితం కాదు గానీ ముందూ తర్వాతా పోల్చుకోడానికి పనికొస్తుంది. ఎంఏఎఫ్ హౌసింగ్ మార్చి ఉంటే మాత్రం ఆ లెక్క చెల్లదు.

స్టెప్ 4: ఉన్న టర్బోకి బూస్ట్ పెంచడం

ఇప్పటి టర్బో బండ్లలో ఈసీయూ బూస్ట్ టార్గెట్ పెట్టుకుని వేస్ట్‌గేట్‌ని (టర్బోని తిప్పే పొగని పక్కకి వదిలి బూస్ట్ ఆపే తలుపు) తనే ఆడిస్తుంది, అందుకే ఫిల్టర్ మార్చినా బూస్ట్ అంతే ఉంటుంది, కాకపోతే టర్బో అదే బూస్ట్‌ని కొంచెం తక్కువ కష్టంతో ఇస్తుంది. అసలు పెంపు కావాలంటే ట్యూన్ చేయించాల్సిందే, అంటే ఈసీయూ సెట్టింగులు మార్పించాలి. వేస్ట్‌గేట్ రాడ్ బిగించడం, దానికెళ్ళే సన్న ట్యూబులో టీ పెట్టి ప్రెజర్ లీక్ చేయడం లాంటి చిట్కాలు పాత బండ్లలో పనిచేస్తాయి, కానీ ఫ్యూయల్, ఇగ్నిషన్ టైమింగ్ దానికి తగ్గట్టు మారవు కదా. ఆ సన్న ట్యూబు ఊడిపోయిందా, వేస్ట్‌గేట్ తెరుచుకోదు, బూస్ట్ హద్దు లేకుండా ఎక్కుతుంది. ప్రతి సర్వీసుకీ ఆ ట్యూబు కొనలు చేత్తో లాగి చూడండి.

వేడి సంగతి అంకెల్లో చూస్తే అర్థమవుతుంది. బయట గాలి 27 డిగ్రీలు, బూస్ట్ 1 బార్, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే టర్బో నుంచి బయటికొచ్చే గాలి దాదాపు 120 డిగ్రీలు ఉంటుంది. అందుకే బూస్ట్ పెంచే ముందు ఇంటర్‌కూలర్ చూడాలి, దాని రెక్కల్లో ఇరుక్కున్న పురుగులు, మట్టి కడగాలి, దాని మీదుగానే గాలి పోయేలా పక్కన సందులు మూయాలి. వేడిగాలి, ఎక్కువ బూస్ట్, తక్కువ ఆక్టేన్ పెట్రోల్ మూడూ కలిస్తే నాకింగ్ (మిక్చర్ సిలిండర్‌లో తనంతట తానే పేలడం), నాకింగ్ ఆగకపోతే పిస్టన్ పగులుతుంది. ఇది మొదటి నుంచీ ఉన్న గొడవే. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అని టర్బోతో షోరూమ్‌కి వచ్చిన మొదటి కార్లలో ఒకటి, దాని కంప్రెషన్ రేషియో 10.25, నాకింగ్ ఆపడానికి నీళ్ళూ మిథనాలూ కలిపిన ద్రవం ఇంజిన్‌లోకి చిమ్మేవాళ్ళు, ఆ ట్యాంకు ఖాళీ అయితే బూస్ట్ తగ్గించే ఏర్పాటు కూడా పెట్టారు. కంపెనీ ఇంజినీర్లే అంత జాగ్రత్త పడ్డ విషయాన్ని మనం ఇంట్లో తేలిగ్గా తీస్కోకూడదు.

స్టెప్ 5: టర్బో లేని బండికి టర్బో పెట్టడం

ఇది ఒక ఆదివారంలో అయ్యే పని కాదు. బండి నెలల తరబడి ఆగినా ఫర్వాలేదు, రోజూ తిరగడానికి వేరే ఏర్పాటు ఉంది అనుకుంటేనే మొదలుపెట్టండి. లోపలి పార్టులు మార్చని ఇంజిన్ మీద 0.35 నుంచి 0.5 బార్ మధ్యలో ఆగడం తెలివైన పని, అది కూడా ట్యూన్ చేయగలిగే ఈసీయూ, సరిపోయే ఇంజెక్టర్లు ఉంటేనే. ఇంజెక్టర్ డ్యూటీ (అది తెరిచి ఉండే సమయం) 85 శాతం దాటకూడదు. స్పార్క్ ప్లగ్ ఒక మెట్టు కోల్డ్ రకం (వేడిని త్వరగా వదిలేది), గ్యాప్ తగ్గించి.

వైడ్‌బ్యాండ్ సెన్సర్ లేకుండా ఇంజిన్ స్టార్ట్ కూడా చేయొద్దు. కంపెనీ ఇచ్చిన మామూలు ఆక్సిజన్ సెన్సర్ గాలి, పెట్రోల్ బరువుల నిష్పత్తి 14.7కి అటా ఇటా అన్నదే చెప్తుంది, బూస్ట్‌లో మనకి కావాల్సింది 11.5 నుంచి 12.5 మధ్య, అది వైడ్‌బ్యాండ్ ఒక్కటే చూపిస్తుంది. దాన్ని టర్బో దాటాక పైపుకి పై వైపు, వాలుగా బిగించండి, పక్కకో కిందకో పెడితే పైపులో నీరు చేరి పాడవుతుంది.

ఇప్పుడు ఆయిల్. నా లెక్కలో ఇంట్లో పెట్టిన టర్బోలు ఎక్కువగా పోయేది ఇక్కడే. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్ల పైనే తిరుగుతుంది, పలచని ఆయిల్ పొర మీద తేలుతూ. లోపల ఉండేది రబ్బరు సీల్ కాదు, పిస్టన్ రింగ్ లాంటి చిన్న ఇనప రింగులు, అవి నిండా చేరిన ఆయిల్‌ని ఆపలేవు. ఆయిల్ వచ్చింది వచ్చినట్టు కిందకి జారిపోవాలి, అంతే. కాబట్టి రిటర్న్ లైన్ లోపల కనీసం 16 మిల్లీమీటర్లు ఉండాలి, టర్బో నుంచి వీలైనంత నిలువుగా దిగాలి, 35 డిగ్రీలకి మించి వాలకూడదు, మధ్యలో ఎక్కడా కిందకి వేలాడి మళ్ళీ పైకి లేవకూడదు, ఆయిల్ పాన్‌లో ఆయిల్ మట్టానికి పైన చేరాలి. నీలం పొగ వచ్చిందంటే టర్బో సీల్ పోయిందని మార్చేస్తుంటారు, కొత్తది పెట్టినా అదే పొగ, ఎందుకంటే తప్పు రిటర్న్ లైన్‌లో ఉంది. పాన్‌కి బెజ్జం పెట్టాలంటే పాన్ విప్పి పెట్టండి, బండి మీదే డ్రిల్ కొడితే ఇనప పొట్టు ఆయిల్ పంపులోకి పోతుంది. ఆయిల్ లైను జాయింట్లలో ట్యూబ్ సీలెంట్ అసలు వాడొద్దు, పిండినప్పుడు లోపలికి వచ్చిన ముక్క ఊడి ఆయిల్ రంధ్రం మూసేస్తుంది, గ్యాస్కెట్ లేదా రాగి వాషరే వాడండి. ఆయిల్ వచ్చే లైనుకి బాల్ బేరింగ్ టర్బో అయితే తయారీదారు చెప్పిన రిస్ట్రిక్టర్ (ఆయిల్ రాకని తగ్గించే సన్న రంధ్రం) పెట్టాలి.

టర్బైన్ హౌసింగ్ ఎర్రగా కాలుతుంది. దాని దగ్గర్లో బ్రేక్ పైపు, ఫ్యూయల్ పైపు, వైరింగ్ ఏమున్నా దూరం జరపండి, జరపలేకపోతే హీట్ షీల్డ్ కట్టండి. బండిలో మంటలార్పే సిలిండర్ ఒకటి చేతికందేలా ఉంచండి.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు టర్బో ఆయిల్ రంధ్రంలో కొత్త ఆయిల్ పోసి చేత్తో చక్రం తిప్పండి. ఫ్యూయల్ పంప్, ఇంజెక్టర్ల ఫ్యూజులు తీసి ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి, ఒకేసారి కాదు, ఆగి ఆగి. తర్వాత ఫ్యూజులు పెట్టి స్టార్ట్ చేసి ఐడిల్‌లోనే ఉంచండి, రేజ్ చేయొద్దు. ఇంజిన్ వేడెక్కేదాకా లైటు పట్టుకుని ప్రతి జాయింటూ చూడండి, ఆయిల్ చుక్క ఎక్కడ కనపడినా ఆపేయండి. మొదట బయటి పూత కాలి కొంచెం పొగ వస్తుంది, అది ఆగిపోవాలి.

మొదటి రోజులు వేస్ట్‌గేట్ స్ప్రింగ్ మీదే నడపండి, బూస్ట్ కంట్రోలర్ జోలికి పోకండి. గేజ్ మీద కన్నేయండి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ స్ప్రింగ్ లెక్క దాటి ఇంకా ఎక్కుతూనే ఉంటే వేస్ట్‌గేట్ రంధ్రం చాలట్లేదని, యాక్సిలరేటర్ వదిలేసి ఆ పని చూడండి. నాలుగైదుసార్లు బాగా వేడెక్కి చల్లారాక మానిఫోల్డ్ నట్లు, టర్బో ఫ్లాంజ్ నట్లు టార్క్ రెంచితో మళ్ళీ బిగించండి, కచ్చితంగా కొన్ని లూజ్ అయి ఉంటాయి. మొదటి ఆయిల్ 500 కిలోమీటర్లకే మార్చేయండి, పాత ఫిల్టర్‌ని కోసి మడతల్లో మెరుపు రజను ఉందేమో ఎండలో పెట్టి చూడండి, ఉంటే బండి మళ్ళీ స్టార్ట్ చేయకుండా టర్బో విప్పండి.